విప్పగల ముడి

పిల్లలూ, పొడుపుకథ లాంటి మాట: వానకు కడుక్కుపోకూడదు, ఎండకు పెచ్చులూడకూడదు, మనం రమ్మంటే మాత్రం ఊడిరావాలి. ఏమిటది?

కారు బంపరు మీది రంగు! బంపరును సాధారణంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కుతో చేస్తారు. దాన్ని కరిగించి మళ్ళీ పోత పొయ్యవచ్చు. కాని పైనున్న రంగు కరగదు. మైనం కరుగుతుంది, ఉడికిన గుడ్డు కరగదు కదా! రంగు గట్టిపడేటప్పుడు దాని అణువుల గొలుసులు వలలాగా ముడిపడిపోతాయి. ఆ రంగు ముక్కలు కలిస్తే కొత్త వస్తువు బలహీనమవుతుంది.

మరి ముడికి బదులు కొక్కెం పెడితే? 1928లో జర్మనీలో డీల్స్, ఆల్డర్ అనే శాస్త్రజ్ఞులు రెండు రకాల అణువులు కలుసుకునే ఒక పద్ధతిని వివరించారు. అలా కలిసిన జతలు కొన్ని వేడికి విడిపోతాయి, చల్లారితే మళ్ళీ కలుస్తాయి. 2002లో అమెరికాలో ఈ కొక్కేలతో గట్టి ప్లాస్టిక్కు చేసి చూశారు. వేడి 120 డిగ్రీలు దాటితే సుమారు 30 శాతం కొక్కేలు విడివడ్డాయి. చల్లారాక తిరిగి తగులుకున్నాయి.

ఇటువంటి కొక్కేలను పూతల్లో పెట్టాలని శాస్త్రజ్ఞుల ప్రయత్నం. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల వద్ద కరుగుతుంది. కొక్కెం ఎండకు విడకూడదు, బంపరు కరిగేలోపల విడాలి. అది సాధిస్తే బంపరూ దక్కుతుంది, రంగూ దక్కుతుంది!