వెంట్రుక సాక్ష్యం

దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు ఉండచుట్టి పారేస్తుంటాను. జుట్టూ సాక్ష్యం చెబుతుందని తెలిశాక చెయ్యి ఆగింది.

మత్తుమందు రక్తం ద్వారా వెంట్రుక కుదురుకి చేరుతుంది. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కనుక, కుదుళ్ళ దగ్గర అంగుళంన్నర కత్తిరిస్తే మూడు నెలల అలవాటు బయటపడుతుంది.

బాగుంది. కానీ కెనడాలో, టొరంటోలోని మదరిస్క్ ల్యాబు పైపై వడపోత పరీక్షతోనే సరిపెట్టి ఏళ్ళ తరబడి రిపోర్టులిచ్చింది. వాటిని నమ్మి తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని తీసేసుకున్నారు. అవి నమ్మదగినవి కావని 2015లో విచారణ తేల్చింది. 56 కేసుల్లో వాటి ప్రభావం గట్టిగా పడిందని 2018లో కమిషన్ చెప్పింది. అప్పటికే కొందరు పిల్లలు దత్తత వెళ్ళిపోయారు!

పరీక్ష వద్దనను. పక్కవాళ్ళ మత్తు పొగ సోకినా జుట్టుకి అంటుకోవచ్చు. అందుకే, ఖాయపరిచే రెండో పరీక్ష లేనిదే తీర్పు చెప్పకూడదంటాను. తల్లి మాటకి వెంట్రుకపాటి విలువైనా ఉండొద్దూ?