బయటికి వచ్చే దారి ఏది?

మంగళగిరి చీర మీరు చూసే ఉంటారు. ఒళ్ళంతా సాదా నేత, అంచున జరీ. దాన్ని నేసే గుంట మగ్గం కూడా చూశారా? నేతపనివారు గుంటలో కాళ్ళు పెట్టుకుని, నేల అంచున కూర్చుని నేస్తారు. ఒళ్ళంతా పువ్వులూ లతలూ దించాలంటే మగ్గం మీద జకార్డు పెట్టె బిగించాలి. సాదా నేతకు ఆ పెట్టె ఎందుకు? కొనడం ఒక ఖర్చు, బాగుచేయించడం ఇంకో ఖర్చు! ఏ బట్ట నేయాలో తేల్చుకున్నాకే మగ్గం సంగతి చూసుకుంటారు. కంప్యూటరు తెలిసినవాళ్ళే ఈ చిన్న సంగతి తరచు మరచిపోతారని నా ఫిర్యాదు.

మీరూ, మీ స్నేహితులూ కలిసి మంగళగిరిలో ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు బృందం పెట్టారనుకోండి. స్వేచ్ఛా సాఫ్టువేరు అంటే ఎవరైనా వాడుకోగలిగినది, లోపలి రాత విప్పి చూడగలిగినది, మార్చి పదిమందికీ పంచగలిగినది. మీ బృందంలో జీతగాళ్ళెవరూ లేరు. బడి అయ్యాక తీరిక దొరికినవాళ్ళే పని చేస్తారు. మీకొక వెబ్‌సైటు కావాలి. దాన్ని నడపడానికి వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా, మీడియావికీ వంటి సాఫ్టువేర్లు ఉన్నాయి. అన్నీ స్వేచ్ఛా సాఫ్టువేర్లే. దేన్ని తీసుకోవాలి?

“ఎక్కువ హంగులున్నదాన్ని” అని ఎవరో ఒకరు అంటారు. నేను ఒప్పుకోను. రేపు దాన్ని వదిలేయాల్సి వస్తే మన రాతలన్నీ బయటికి తెచ్చుకోగలమా? నన్నడిగితే మొదటి ప్రశ్న ఇదీ.

వికీపీడియా కథ వినండి. 2001 జనవరిలో అది మొదలైనప్పుడు క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్‌వికీ అనే చిన్న సాఫ్టువేరుతో నడిచింది. వ్యాసాలు పెరిగేసరికి అది చాలలేదు. మాగ్నస్ మన్స్కే అనే జర్మనీ విద్యార్థి కొత్తది రాశాడు. 2002 జనవరిలో దానికి మారారు. అదీ ఆగలేదు! ఆ జులైలోనే లీ డేనియల్ క్రాకర్ తిరగరాసినదానికి మళ్ళీ మారారు. దాని నుంచి పెరిగినదే మీడియావికీ. ఏడాదిన్నరలో రెండు మార్పులు! అయినా వ్యాసాలు చెక్కుచెదరలేదు. ఎందుకంటే అవి మామూలు అక్షరాలుగా దాచినవి. ఏ సాఫ్టువేరయినా చదువుకోగలదు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియా కూడా మీడియావికీ మీదే పెరిగి లక్ష వ్యాసాలు దాటింది. ప్రతి పేజీకీ పాత రూపాలన్నీ అందులో భద్రంగా ఉంటాయి. ఎవరైనా పాడుచేసినా వెనక్కి తిప్పవచ్చు. నలుగురూ కలిసి ఒకే పేజీ రాసేచోట ఇంతకంటే మంచి పనిముట్టు నాకు కనబడలేదు.

దాచేది అక్షరాలే కదా అని ఊరుకోకండి. 2000 ప్రాంతంలో చాలా తెలుగు వెబ్‌సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. తెరమీద ‘అ’ కనబడేది గాని, లోపల దాచింది ఏదో ఇంగ్లీషు గుర్తు సంఖ్య. ఆ ఫాంటు లేనివాళ్ళకు అంతా గజిబిజి! వెదికితే దొరకదు కూడా. యూనికోడులో ‘అ’ సంఖ్య 3077. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. ఆ పాత రాతల్ని యూనికోడులోకి మార్చడానికి ‘పద్మ’ అనే ఉపకరణం తయారుచేసిందీ ఆ నాగార్జునే.

ఇక రెండో ప్రశ్న: కాపలా ఎవరు? ద్రూపల్ గట్టి సాఫ్టువేరే. కాని 2014 అక్టోబరు 15న అందులో ఒక పెద్ద లోపం బయటపడింది, సవరణా అప్పుడే ఇచ్చారు. రెండు వారాలకు ఆ సంస్థ భద్రతా బృందమే ఒక మాట చెప్పింది: ప్రకటించిన 7 గంటల్లోగా సవరణ వేయని సైట్లలో దొంగలు పడ్డారనే అనుకోండి! మన గడియారం ప్రకారం ఆ 7 గంటలూ రాత్రి 9:30 నుంచి తెల్లవారుజాము 4:30 దాకా. పొద్దున్నే బడికి పోవాల్సిన మీలో ఎవరు మేలుకుని ఉంటారు?

అందుకే డేటాబేసు లేకుండా, ముందే తయారుచేసి పెట్టుకునే పేజీలంటే నాకు ఇష్టం. డెబియన్ అనే పెద్ద స్వచ్ఛంద సంస్థ తన ముఖ్య వెబ్‌సైటును అలాగే మామూలు ఫైళ్ళ నుంచి తయారుచేస్తుంది. అయితే ఇందులో ఒక చిక్కుంది. అచ్చుతప్పు దిద్దాలన్నా గిట్ వంటివి నేర్చుకోవాలి. మంచి తెలుగు రాయగల మీ స్నేహితురాలికి అవి రాకపోతే ఆమె పక్కన కూర్చోవలసిందేనా? అలాంటప్పుడు వర్డ్‌ప్రెస్ నయం. పైగా దాని పుట్టుకే మనకు ధైర్యం. మిషెల్ వాల్ద్రిగీ రాసిన బీ2 అనే సాఫ్టువేరు పని ఆగిపోతే, దాన్ని పట్టుకుని 2003లో మాట్ ములెన్వెగ్, మైక్ లిటిల్ ముందుకు నడిపారు. అదే వర్డ్‌ప్రెస్. లైసెన్సు స్వేచ్ఛది కాబట్టి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. దాని మీద కొత్త హంగులు తగిలించడం తేలిక. కాని తగిలించిన ప్రతిదానికీ కాపలా కావాలని మాత్రం మరవకండి.

మీ బృందంలో వాదన తెగకపోతే ఒక ప్రయోగం చేయండి. ఎంచుకున్నదానిలో పది తెలుగు పేజీలు, నాలుగు బొమ్మలు పెట్టండి. మరునాడు అన్నీ బయటికి తీసి ఇంకో సాఫ్టువేరులో వేయండి. కంప్యూటరు బాగా తెలిసినవాడిచేత కాదు, అందరికంటే తక్కువ తెలిసినవాడిచేత చేయించండి. ఎన్ని పేజీలు, ఎన్ని బొమ్మలు క్షేమంగా చేరాయో లెక్కపెట్టి, ఆ లెక్క చూసి తేల్చుకోండి.