యాసిడ్‌లో కరిగిపోయిన నక్షత్ర ధూళి

1969 సెప్టెంబర్ 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ అనే ఊరి దగ్గర ఆకాశం నుంచి రాళ్లు పడ్డాయి. ఏరిన ముక్కలన్నీ కలిపితే వంద కిలోల పైమాటే. వాటిలో సూర్యుడు పుట్టకముందు నాటి దుమ్ము కూడా ఉంది!

ఎక్కడి దుమ్మంటారా? ముసలి నక్షత్రాలు చివరి రోజుల్లో ఉబ్బిపోయి, పై పొరల్ని అంతరిక్షంలోకి వదిలేస్తాయి. ఆ వాయువు చల్లారుతుంటే అందులోంచి సన్నటి ఖనిజపు రేణువులు గట్టిపడతాయి.

రాయి నిండా మన సౌర కుటుంబపు దుమ్మే ఉంటే, అందులో పరాయి రేణువును పోల్చుకోవడం ఎలా? శాస్త్రవేత్తలు మొండి పద్ధతే ఎంచుకున్నారు. రాయిని ఘాటైన యాసిడ్లలో కరిగించేశారు. 1987లో ఆ మడ్డిలో నానో వజ్రాలు, సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. వాటి ఇంటిపేరు ఐసోటోపుల్లో ఉంటుంది. మన దగ్గర కార్బన్-13 పరమాణువు ఒకటుంటే కార్బన్-12వి 89 ఉంటాయి. ఆ సిలికాన్ కార్బైడ్ రేణువుల్లో చాలావాటికి ఈ లెక్క 40–80 మధ్యే. అంటే మన ఇంటివి కావు.

ఇక్కడే ఒక చిక్కు. రాళ్లు పడ్డ 1969లోనే, కొన్ని ముసలి నక్షత్రాల నుంచి వచ్చే పరారుణ కాంతిలో 10 మైక్రాన్ల దగ్గర సిలికేట్ల జాడ కనిపించింది. సిలికేట్లంటే మన నేల మీది మామూలు రాళ్ల జాతే. టెలిస్కోపుకు అంత బాగా కనిపించినవి ఉల్కల్లో ఒక్కటీ దొరకదేం?

దొరకవు మరి! సిలికేట్లను ఆ యాసిడే కరిగించేస్తోంది. వజ్రం, సిలికాన్ కార్బైడ్ మొండివి కాబట్టి మిగిలాయి. చివరికి యాసిడ్ జోలికి పోకుండా, నానోసిమ్స్ అనే యంత్రంతో రేణువు రేణువుకీ ఆక్సిజన్ ఐసోటోపులు కొలిచారు. 2003లో గ్రహాంతర ధూళిలో, 2004లో ఉల్కల్లో నక్షత్రాల సిలికేట్లు బయటపడ్డాయి.

యాసిడ్‌ది తప్పని కాదు. అది లేకపోతే సిలికాన్ కార్బైడ్ చేతికొచ్చేదే కాదు. కానీ ‘దొరకలేదు’ వేరు, ‘లేదు’ వేరు.

సాఫ్ట్‌వేర్‌లో మాదీ ఇదే తంతు. లాగ్స్ ఎక్కువయ్యాయని ఫిల్టర్ పెడతాం. ఎర్రర్ కనిపించట్లేదని సంబరపడతాం. తీరా చూస్తే అది మేం తీసిపారేసిన లైన్లలోనే ఉంటుంది. అందుకే ఈ మధ్య ఎవరైనా ‘ఏం లేదు బ్రో, క్లీన్’ అంటే, ముందు ఫిల్టర్ తీసి చూపించమంటున్నాను.