వేసవి ప్రణాళికలో గృహహింసకూ చోటుండాలి
వడగాడ్పులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు రూ.4 లక్షల పరిహారం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం స్వాగతించదగ్గదే. కానీ ఎండ చేసే హాని వడదెబ్బ మరణాలతోనే ఆగడం లేదు. భారత్, పాకిస్థాన్, నేపాల్‌లకు చెందిన 1,94,871 మంది మహిళల వివరాలను పరిశీలించి 2023లో వెలువడిన అధ్యయనం, సగటు వార్షిక ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ పెరుగుదలకు భాగస్వామి చేతిలో హింస 4.49 శాతం పెరగడంతో సంబంధం ఉన్నట్లు గుర్తించింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు ఇది దూరపు మాట కాదు. మే నెలలో పగలంతా కాగిన రేకుల ఇల్లు అర్ధరాత్రి దాటినా చల్లబడదు. కరెంటు పోతే కునుకు పట్టదు, ఎండకు పని ఆగిన రోజు కూలి డబ్బులూ ఉండవు, ఆ చిరాకు చివరకు ఇల్లాలి మీదికి మళ్లే ప్రమాదం ఎక్కువ. నేరాలకు కారణం మద్యం, అప్పులు, మగ పెత్తనమే గానీ ఎండ కాదన్న వాదన ఉంది. మూలాలు అవేననడంలో సందేహం లేదు, ఎండ పేరు చెప్పి నిందితుడి బాధ్యతను వీసమెత్తు కూడా తగ్గించరాదు. అయితే అవి ఏడాది పొడవునా ఉండేవే, వాటిని రాజేసే వేడి ఎప్పుడు ముదురుతుందో మాత్రం వాతావరణ శాఖ ముందే చెబుతోంది. ఆ హెచ్చరికను ఆసుపత్రులకే పరిమితం చేయడం తప్పు. నల్గొండ, సూర్యాపేట జిల్లాల పోలీసులు తమకందిన ఫిర్యాదులను రోజువారీ ఉష్ణోగ్రతలతో పోల్చి ఆ వివరాలు బయటపెట్టాలి. తీవ్ర ఎండల రోజుల్లో రాత్రివేళ షీ టీమ్‌లకు, సఖి కేంద్రాలకు, 181 హెల్ప్‌లైన్‌కు అదనపు సిబ్బందిని కేటాయించాలి; 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానాన్ని ముందుగా ఈ పట్టణాల రేకుల ఇళ్లకు చేర్చాలి.