విజ్ఞానశాస్త్ర బోధన: తెరయా, తరిఫీదా?

మన పాఠశాలకు కంప్యూటరు తెరలు కొనవలెనని తల్లిదండ్రులు పలువురు కోరుచున్నారు. కోరిక న్యాయమైనదే. కాని రెంటికిని ధనము చాలనియెడల, తెరకంటె ముందు ఉపాధ్యాయుల తరిఫీదునకే వ్యయపరుపవలెనని మా యభిప్రాయము.

లోలకమును గూర్చిన పాఠమునే తీసికొందము. దానికి దారమును రాయియు నున్న చాలును. రాతి నడిమివరకు మీటరు పొడవుండునట్లు వ్రేలాడదీసి మెల్లగా నూపినచో, ఒకమారు పోయి వచ్చుటకు ఇంచుమించు 2 సెకండ్లు పట్టును. పొడవును 25 సెంటీమీటర్లకు తగ్గించిన 1 సెకండగును. పొడవు నాలుగవ వంతైనను కాలము సగమే తగ్గుట పిల్లలకు వింత. బరువైన రాయి కట్టినను కాలము మారదనుట మరింత వింత. కన్నులార చూచువరకు తరగతిలో సగముమంది నమ్మరు. పది ఊపులకు పట్టిన కాలమును పదింట భాగించుటకు ఫోనులోని గడియారము చాలును. (పాఠము ముగిసినతోడనే ఆ ఫోను ఉపాధ్యాయుని జేబునకు చేరుట మేలు.)

అయితే ఇదే లోలకము చంద్రునిపై నెట్లూగును? ఇచ్చట దారము మనకు తోడ్పడదు. నోబెల్ బహుమానగ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున స్థాపించిన ‘ఫెట్’ వారు ఇట్టి నమూనాలను ఉచితముగా నొసగుచున్నారు. అందు చంద్రునిపై మీటరు లోలకము ఇంచుమించు 5 సెకండ్లును, గురుగ్రహముపై 1.3 సెకండ్లును తీసికొనుట చూడవచ్చును. ముందుగా తన చేతితో రాతి నూపిన బాలునకే ఈ తెర యర్థమగును. తక్కినవారికి అదియు నొక సినిమాబొమ్మయే.

ఈ క్రమము తెలిసి నడుపవలసినవాడు ఉపాధ్యాయుడు. ఇందుకు మంచి దృష్టాంతమొకటి కలదు. మధ్యప్రదేశమున హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలయందు ఒక విజ్ఞానబోధనా కార్యక్రమ మారంభమైనది. కిశోర్ భారతి సంస్థయు, రసూలియాలోని క్వేకరుల గ్రామీణ కేంద్రమును దానిని పూనికొన్నవి. అందు ఉపాధ్యాయులే విద్యార్థులవలె కూర్చుండి ప్రయోగములను స్వహస్తములతో చేసిరి. నెలనెలా కూడి తమ తరగతులలోని చిక్కులను చర్చించుకొనిరి. 2002లో ప్రభుత్వము దానిని నిలిపివేసినది. ఫెట్ పుట్టిన యేటనే ఇది ముగియుట విచారకరము.

ప్రతి ఉపాధ్యాయునకును ఏటికి 50 గంటల శిక్షణ యుండవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది. ఆ గంటలన్నియు ఉపన్యాసములు వినుటకే చెల్లిపోయినచో లాభమేమి?

నెలకొక శనివారము మధ్యాహ్నము విజ్ఞానశాస్త్రోపాధ్యాయులకు ఇతర పనులు లేకుండ చేయవలెనని నిర్వాహకులను వేడుచున్నాము. చుట్టుపట్ల పాఠశాలలవారినిగూడ పిలిచి, రానున్న పాఠములలోని ప్రయోగములను ముందు చేతితోను, పిదప కంప్యూటరుపైనను చేసి చూచుకొందుము. దారము తెగును, బల్బు వెలుగదు, నమూనా తెరచుకొనదు. ఆ చిక్కులు పిల్లల యెదుట గాక అచ్చటనే తీరవలెను. ఆరు మాసములిట్లు గడచిన పిమ్మట ఎట్టి తెర కావలెనో, ఏ తరగతికి కావలెనో ఉపాధ్యాయులే చెప్పగలరు. అప్పుడు చందాల పుస్తకముతో తల్లిదండ్రుల గుమ్మములకు మేమే వచ్చెదము.