బావి బేరంలో నేల సంగతేదీ?

నేలబావి తవ్వించాలంటే మన అరకు వైపు మేస్త్రీతో అడుగుకింత అని నోటిమాటగా బేరం కుదురుతుంది. పై ఎర్రమట్టి సులువుగానే తెగుతుంది. కింద బండ తగిలితే మేస్త్రీ రేటు పెంచమంటాడు, మీరు కుదరదంటారు. పని ఆగిపోతుంది. వానలొస్తే తవ్విన గోడలు విరిగిపడతాయి. నేల సంగతి ముందే మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది.

తూర్పు కనుమల్లో ఖొండలైట్ రాయి చాలాచోట్ల లోతుగా చివికి వదులు మట్టయిపోతుంది. దాని పక్కనే గట్టి బండ ఉండొచ్చు. బోరు వేయిస్తే వదులు నేలలో కేసింగ్ పైపు ఎక్కువ దిగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

ప్రభుత్వ పనుల్లో మామూలు మట్టికో రేటు, గరుసుకో రేటు, బండకో రేటు ఉంటాయి. కంట్రాక్టరుకున్న ఆ వెసులుబాటు చిన్న రైతుకెందుకు ఉండకూడదు? మట్టికెంత, బండకెంత, పైపు అడుగెంత, నీరు పడకపోతే ఏమివ్వాలి, బండ అని ఎవరు తేల్చాలి... ఇవన్నీ ఇద్దరు పెద్దల ఎదుట రాయించుకోండి.

ఒక్క జాగ్రత్త. బాకీ కింద పొలం మాత్రం రాసివ్వొద్దు. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ 1970 నాటి 1/70 చట్టం ప్రకారం చెల్లదు. అయినా ఆ కాగితం ఎదుటివాడి చేతిలో ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మీరే.

తెలిసినవాళ్ల మధ్య కాగితమెందుకంటారు కొందరు. తెలిసినవాళ్లు దూరం కాకుండా ఉండేందుకే!