నయాపూల్ కింద పారే కబురు

నయాపూల్ మీద నిలబడితే ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, మరో ఒడ్డున హైకోర్టు. కింద మూసీ. పేరుకు నదే గానీ వానలు లేని రోజుల్లో అక్కడ కనిపించేది చాలావరకు మనం వాడి వదిలేసిన నీరే. ఈ మురుగు చాదర్‌ఘాట్ దాటి అంబర్‌పేట వైపు సాగుతుంది. 2016 వేసవిలో ఆ అంబర్‌పేటలో తీసిన మురుగు నమూనాలో టైప్-2 పోలియో వైరస్ దొరికింది. ఏ బిడ్డకూ కాలు చచ్చుబడలేదు, ఏ ఆసుపత్రికీ కేసు రాలేదు. ముందుగా కబురు చెప్పింది మురుగు నీరే.

అప్పటికి మన దేశంలో చివరి పోలియో కేసు నమోదై ఐదేళ్లు దాటింది. అది 2011 జనవరిలో, హౌరాలో. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మనల్ని పోలియో రహితంగా ప్రకటించింది కూడా. మరి ఈ వైరస్ ఎక్కడిది? చుక్కల మందులోంచే పుట్టింది. నోట్లో వేసే చుక్కల్లో బలం తగ్గించిన వైరస్ ప్రాణంతోనే ఉంటుంది. అది పిల్లల పేగుల్లో కొన్నాళ్లు పెరిగి మలంతో బయటికొస్తుంది. అందరికీ టీకా పడిన బస్తీలో దానివల్ల భయం లేదు. పడని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట మాత్రం ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, మారుతూ, పోయిన బలం తిరిగి తెచ్చుకోగలదు. అందుకే 2016 ఏప్రిల్ 25న దేశమంతటా టైప్-2 లేని చుక్కల మందుకు మారారు. ఆ మార్పు జరిగిన కొద్ది వారాలకే అంబర్‌పేట నమూనా సంగతి బయటపడింది.

జూన్ 20 నుంచి వారం రోజుల పాటు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఎంపిక చేసిన బస్తీల్లో 3 లక్షలకు పైగా పిల్లలకు పోలియో సూది వేశారు. అప్పుడు ప్రపంచమంతా ఆ టీకాకు కరువు. అందుకని 0.5 మిల్లీలీటర్ల పూర్తి మోతాదుకు బదులు ఐదో వంతు, 0.1 మిల్లీలీటరు, చర్మం పొరలోకి ఎక్కించారు. సరిగ్గా పడితే చేతి మీద దోమ కుట్టినట్టు చిన్న బొబ్బ లేస్తుంది, కాసేపటికి అణిగిపోతుంది. ఆ బొబ్బ లేచిందా లేదా అని చూసుకుంటూ ఒక్కో బిడ్డకూ వేసిన ఆరోగ్య కార్యకర్తల పనితనం గురించి మనం పెద్దగా చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సింది.

1995లో మొదలైన పల్స్ పోలియో ఏళ్ల తరబడి ఏటా రెండు విడతలుగా సాగింది. ఇప్పుడు దేశమంతటికీ కలిపి చేసేది ఒక్క విడతకు తగ్గింది. మిగతా విడతలు ఎంపిక చేసిన జిల్లాలకే. ఈ తగ్గింపు సబబే. చుక్కల మందు ఎల్లకాలం పోయాల్సింది కాదు, పోయకూడదు కూడా. నా అభ్యంతరమల్లా తగ్గించిన సంగతి తల్లులకు విడమరిచి చెప్పకపోవడం మీదే.

ముప్పై ఏళ్లుగా మనం నేర్పింది ఒక్కటే: ఆదివారం బూత్‌కు రండి, రెండు చుక్కలు వేయించుకోండి, రాకపోతే మేమే మీ గడపకు వస్తాం. చిటికెన వేలికి సిరా గుర్తు పడితే బిడ్డ గండం గడిచినట్టే అనుకున్నారు. ఆరో వారం సూది పడిందో లేదో ఆ సిరా చెప్పదు. అది చెప్పేది టీకా కార్డు. పుట్టగానే చుక్కలు, తర్వాత 6, 10, 14 వారాలకు, 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్. వీటితోపాటు 6, 14 వారాలకు సూది. 2023 నుంచి 9 నెలలకు మూడో సూది చేరింది. బూత్‌లో వేసే చుక్కలు వీటికి అదనం.

మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో పురుడు పోసుకుని, పుట్టింట్లోనే ఉండి, ఐదో నెలలో అత్తారింటికి వెళ్లే అమ్మాయిని తలుచుకోండి. 6, 10, 14 వారాలు మూడూ ఆ పుట్టింటి రోజుల్లోనే పడతాయి. ఈ బస్తీ ఆశా కార్యకర్త ఆమెను చుట్టంగా లెక్కేసి వదిలేస్తే, ఆ బస్తీ కార్యకర్త ఊళ్లో లేదని రాసుకుంటే, బిడ్డ రెండు లెక్కల్లోనూ జారిపోతుంది. ఇంటింటికీ తిరిగిన రోజుల్లో తలుపు మీద సుద్దముక్కతో రాసే గుర్తులు ఇలాంటి బిడ్డను పట్టిచ్చేవి. విడతలు తగ్గితే ఆ వల కూడా పలచబడుతుంది.

టీకా అందని చోట ఏమవుతుందో దూరదేశాలు కూడా చూశాయి. 2022లో లండన్ మురుగులో వైరస్ కనిపించింది. అదే ఏడాది న్యూయార్క్ పక్కన రాక్‌లాండ్ కౌంటీలో టీకా వేసుకోని యువకుడికి కాళ్లు పడిపోయాయి. మన దేశంలోనూ 2024లో మేఘాలయలోని పశ్చిమ గారో కొండల్లో రెండేళ్ల బిడ్డకు సోకింది కూడా టీకా నుంచి పుట్టిన వైరసే.

కాబట్టి నయాపూల్ చుట్టుపక్కల ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రం గోడ మీదా ఉర్దూలో, తెలుగులో పెద్ద అక్షరాలతో నాలుగు మాటలు ఉండాలి. బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. ఏ ఊరి కార్డయినా చెల్లుతుంది. వారం తప్పితే మళ్లీ మొదటి నుంచి కాదు, ఆగిన చోటి నుంచే వేస్తారు. అత్తారింటికి సర్దుకునే పెట్టెలో బిడ్డ బట్టల కన్నా ముందు ఆ కార్డు పెట్టండి.